గుండెకును మూత్రపిండములకును గల పొత్తు

హృదయమను మాట మన భాషలో నెన్నో భావములకు నిల్లయినది. ధైర్యము గలవానిని గుండె గలవాడందుము. జాలి కలిగిన గుండె కరగినదందుము. భయము కలిగిన గుండె జారినదందుము. తీరని దుఃఖము వచ్చిన గుండె చెరువైనదని చెప్పుకొందుము. నడుమునకు కొంచెము పైగా, వెన్నెముక కిరుప్రక్కల, చిక్కుడుగింజ యాకారమున నొదిగియున్న మూత్రపిండములను గూర్చి మాత్రము అమ్మలక్కల ముచ్చటలలో నొక్క మాటయు వినబడదు. అవి చక్కగా పనిచేయుచున్నంత కాలము వాని యునికియే మనకు దెలియదు. చెడిన పిమ్మటనైనను అవి పెక్కుమార్లు తమ పేరు చెప్పుకొనవు. గుండె పేరు పెట్టుకొని బయటపడును. ఈ సంగతి సోదరీమణులకు విశదపరుపవలెననియే యీ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

మా తండ్రిగారు మాకు చిన్ననాట అమరకోశముతోబాటు వైద్యగ్రంథములలోని కొన్ని భాగములను గూడ చెప్పియుండిరి. శరీరమున నూటయేడు మర్మములు గలవనియు, వానిలో శిరస్సు, హృదయము, వస్తి యను మూడును మిక్కిలి ముఖ్యములనియు చరకసంహిత చెప్పుచున్నది. వస్తి యనగా మూత్రాశయము. ఈ మూటిలో దేనికి దెబ్బ తగిలినను ప్రాణమునకే ముప్పని పూర్వు లెరుగుదురు. వృక్కములను పేర వారు వ్యవహరించిన మూత్రపిండములను మాత్రము మేదస్సునకు మూలస్థానములుగా లెక్కించిరి. మూత్రము పుట్టునది వానియందే యని తరువాతి శాస్త్రము నిరూపించినది. లండను నగరమున గైస్ ఆసుపత్రిలో వైద్యుడుగా నున్న రిచర్డ్ బ్రైట్ అను నాతడు మూత్రపిండములు చెడి మరణించినవారి శరీరములను పరీక్షించి, వారిలో పెక్కుమందికి గుండె పెరిగి, దాని గోడలు దళసరియై యుండుట గమనించి, 1836వ సంవత్సరమున ప్రకటించెను. ఒకచోట చెడుగు పుట్టిన వేరొకచోట ఫలమేల కనబడవలెనను ప్రశ్న నాటినుండియు వైద్యులకు విచారణీయమైనది. అదే ప్రశ్న రెండేండ్ల క్రిందట మా యింటికిని వచ్చినది.

మేము శంషాబాదు దాటి బెంగుళూరు పోవు పెద్దబాటకు జేరియున్న పాల్మాకుల గ్రామమున కాపురముండువారము. 2008వ సంవత్సరమున శంషాబాదున విమానాశ్రయము దెరచినది మొదలు మా ప్రాంతపు రూపే మారినది. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. మా అత్తగారికి అరువదిమూడేండ్లు. పదునాలుగేండ్లుగా మధుమేహమును, పదియేండ్లుగా రక్తపోటును గలవు. ఆ వర్షాకాలమున ఆమెకు ఉదయమున కనురెప్పలు ఉబ్బుటయు, సాయంకాలమునకు పాదములు వాచుటయు మొదలాయెను. పెండ్లినాటినుండి కాళ్లనున్న వెండి కడియములు బిగిసి తీయరానివాయెను. ఇరుగుపొరుగువారు వయసు ముదిరినదనిరి, చేనిగట్లవెంట తిరుగుటచేత వచ్చిన వాపనిరి. ఒకనాటి రాత్రి ఆమె లేచి కూర్చుండి, "బిడ్డా, పండుకుంటే ఊపిరాడ్త లేదు, కూసుంటే జర నయమనిపిస్తున్నది" అనెను. తెల్లవారగానే మావారు ఆమెను శంషాబాదునకు దోడుకొనిపోయిరి. మేమును వెంట వెళ్లితిమి.

ఆయాసము చూచినవారందరును ఇది గుండెజబ్బే యనుకొనిరి. డాక్టరమ్మ గుండె పరీక్షలు చేయించినది; దానితోబాటు మూత్రమును, నెత్తురును గూడ పరీక్షకు బంపినది. గుండెయొక్క ఎడమవైపు గది గోడ దళసరియై బిరుసెక్కినది. మూత్రమున ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్నది. మూత్రపిండముల వడపోత నిమిషమునకు 38 మిల్లీలీటర్లకు దిగినది. ఆరోగ్యవంతులకిది తొంబదికి పైగా నుండవలెనట. రక్తమున హిమోగ్లోబిన్ తొమ్మిదికి లోబడియున్నది. డాక్టరమ్మ కాగితములన్నియు ముందు పెట్టుకొని, "గుండెకు వచ్చిన కష్టము నిజమే. దాని వేరు మాత్రము మూత్రపిండములలో నున్నదమ్మా" అని చెప్పినది. నాడు ఆమె వివరించిన దానిని, తరువాత మేము చదివి తెలిసికొన్నదానిని కలిపి యిక్కడ జెప్పుచున్నాము.

మూత్రపిండ మొక్కొక్కటి మన పిడికిలియంత యుండును. ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. గుండె పంపు నెత్తురులో నించుమించు అయిదవవంతు వీనిలోనికే ప్రవహించును. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడబోసి, పనికివచ్చు దానినంతయు మరల నెత్తురున జేర్చి, లీటరున్నరయో రెండు లీటర్లో మాత్రము మూత్రముగా విడుచును. దేహమున నీరెంత యుండవలెను, ఉప్పెంత యుండవలెను అను లెక్క చూచునవి యివియే. మా ప్రాంతపు రైతులకు బోరుబావి సంగతి చక్కగా దెలియును. మిగులునీరు పోవు తూము పూడిపోయినను మోటారు నీరు తోడుచునే యున్నయెడల మడి నిండును, గట్లు తెగును, కడకు మోటారే కాలును. మూత్రపిండములు చెడినప్పుడు దేహమున జరుగునది ఇట్టిదే. ఉప్పు నిలిచిపోవును, ఉప్పు నిలిచినచోట నీరు నిలుచును. రక్తనాళములలో పోటు హెచ్చును. అదియుగాక, చెడిన మూత్రపిండము తనకు నెత్తురు చాలుటలేదని తలచి రెనిన్ అను పదార్థమును విడుచును. దానిచేత నాళములు ముడుచుకొని పోటు మరింత పెరుగును. ఈ పోటున కెదురుగా నెత్తురును తోయుటకు గుండె రేయింబవళ్లు కష్టపడవలెను. బరువులెత్తువాని కండవలె దాని గోడ దళసరియగును. కాని దళసరియైన గుండె బలమైన గుండె గాదు. అది బిరుసెక్కి, నెత్తురు నింపుకొనుటకు వలసినంత విచ్చుకొనదు. అప్పుడు నీరు ఊపిరితిత్తులలోనికి వెనుదన్నును. పండుకొన్నప్పుడు ఆయాసమును, కూర్చున్నప్పుడు కొంత నెమ్మదియు నందువలననే.

రెండవది నెత్తురు తక్కువగుట. ఎర్రకణములను పుట్టించుడని యెముకలలోని మూలుగకు కబురంపు పదార్థము మూత్రపిండములలోనే తయారగును. అవి చెడినప్పుడు ఆ కబురు తగ్గును, నెత్తురు పలుచనగును. పలుచని నెత్తురుతో దేహమంతటికి ప్రాణవాయువు నందించుటకు గుండె మరింత వేగముగా కొట్టుకొనవలెను. పాలిపోయిన మొగమును చూచి, తిండి చాలక యిట్లున్నదని ఇనుపధాతువు మందులు కొని పెట్టుకొనుట మన యిండ్లలో వాడుక. మధుమేహమో రక్తపోటో గలవారికి పాండురోగము వచ్చినప్పుడు మూత్రపిండముల స్థితిని గూడ విచారింపవలెను.

మూడవదానిని జెప్పునప్పుడు మన తెలుగువాని నొకనిని స్మరింపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విద్యాలయమున నుండి, సైరస్ ఫిస్క్ అను నాచార్యునితో గలిసి, నెత్తురులోను మూత్రములోను ఫాస్ఫరస్ ఎంత యున్నదో కనుగొను విధానమును 1925లో ప్రకటించిరి. అది వారిద్దరి పేరనే ప్రసిద్ధమైనది. ఆ ఫాస్ఫరసే మూత్రపిండ రోగులకు శత్రువు. మిగులు ఫాస్ఫరసును బయటికి బంపలేనప్పుడు అది నెత్తురున పేరుకొనును, ఎముకలలోని సున్నమును కదలించును, రక్తనాళముల గోడలలో ఆ సున్నము గట్టిపడునట్లు చేయును. మెత్తని గొట్టములవలె సాగవలసిన నాళములు పెంకువలె బిరుసెక్కును. గుండెకు నెత్తురు నందించు నాళములకును, గుండె కవాటములకును గూడ నీ గతి పట్టవచ్చును.

నాల్గవది పొటాషియము. పండ్లు, ఆకుకూరలు, కొబ్బరినీరు మొదలగువానిలో నిది సమృద్ధిగా గలదు, ఆరోగ్యవంతులకు మంచిదే. మూత్రపిండములు మిక్కిలి చెడినవారికి ఇది నెత్తురున హెచ్చి, గుండె కొట్టుకొను క్రమమును తప్పించును. ఒక్కొక్కప్పుడు ఏ బాధయు ముందుగా దెలియకుండగనే గుండె ఆగిపోవును. కావుననే డాక్టర్లు మాటిమాటికి నెత్తురు పరీక్ష చేయింతురు.

గుండెవలన మూత్రపిండములకును ఇట్టి కీడే కలుగును. గుండె బలహీనమై నెత్తురు చాలినంత పంపలేకపోయిన మూత్రపిండములు ఎండును. వెనుకకు దన్నిన నెత్తురు వానిలో నిలిచియు వానిని చెరుచును. ఒక్క గొడ్డలితో రెండు చెట్లు కూలినట్లు మధుమేహమును రక్తపోటును ఈ రెంటిని గూడ చెరుచుచుండును. మూత్రపిండముల రోగులలో పెక్కుమంది డయాలిసిస్ వరకు పోకయే గుండెజబ్బుచేత మరణించుచున్నారని వైద్యులు చెప్పుచున్నారు. ఇంట నొకరు గుండె ఆగి పోయిరని మనమనుకొందుము. కారణము మూత్రపిండములైనను ఆ పేరు ఎవరును ఎత్తరు.

డయాలిసిస్ మొదలైన తరువాతను గుండెకు విశ్రాంతి లేదు. సామాన్యముగా వారమునకు మూడుమార్లు, నాలుగేసి గంటలు యంత్రము నెత్తురును శుభ్రపరుచును. సహజమైన మూత్రపిండములు నిమిషమైన ఆగక చేయు పనిని యంత్రము విడతలుగా జేయును. ఒక విడతకును మరియొక విడతకును నడుమ నీరును పొటాషియమును మరల చేరును. వారమున రెండుదినముల యెడమువచ్చు సమయమే గుండెకు మిక్కిలి ప్రమాదకరమని పరిశోధనల వలన దేలినది. అట్టివారింట త్రాగు నీటిని కొలిచి యిచ్చుటయు, ప్రతిదినము బరువు చూచుటయు నిజముగా గుండెకు చేయు సేవయే. తెలంగాణమున ఆరోగ్యశ్రీ పథకము క్రింద అర్హులైనవారికి డయాలిసిస్ ఉచితముగా దొరకుచున్నది.

మన తెలుగునాట ఈ వ్యాధి యెంత చప్పుడు లేక వచ్చునో తెలియవలెనన్న శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును చూడవలెను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలోని కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు చూడ ముచ్చటగా నుండును. ఆ నీడలలో పనిచేయు రైతులకు, కూలివారికి, మధుమేహము లేకుండగనే మూత్రపిండములు చెడిపోవుచున్నవి. ఎన్నియో పరిశోధనలు జరిగినను కారణమిదియని ఇంకను నిర్ణయము కాలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలోను గూడ వ్యవసాయకూలీలలో నిట్టి వ్యాధియే గలదు. 2023వ సంవత్సరము డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును దెరచిరి. అక్కడివారి కథ మనకు నేర్పు పాఠమొక్కటే: సగము పని చెడువరకు నొప్పి యుండదు, జ్వరముండదు, మూత్రము గూడ మామూలుగానే పోవుచుండును.

మరి దీనిని ముందుగా గనిపెట్టుట యెట్లు? రెండే పరీక్షలు చాలును. నెత్తురులో క్రియాటినిన్ చూచి, దానినుండి వడపోత యెంత యున్నదో లెక్కగట్టుట యొకటి; మూత్రములో ఆల్బుమిన్ పోవుచున్నదేమో చూచుట రెండవది. వడపోత అరువదికి లోబడియైనను, ఆల్బుమిన్ ఒక గ్రాము క్రియాటినిన్‌కు ముప్పది మిల్లీగ్రాములకు దక్కువ గాకయైనను మూడుమాసములు నిలిచిన దానిని దీర్ఘకాలపు మూత్రపిండవ్యాధిగా నెంచుదురు. సోదరీమణులు గమనింపవలసినదేమనగా, క్రియాటినిన్ కొలత చూచుటకు చిన్నదిగానున్నను, సన్నని దేహముగల స్త్రీలకు వడపోత తగ్గియుండవచ్చును. కావున వడపోత లెక్కను గూడ అడిగి తెలిసికొనవలెను. మధుమేహము, రక్తపోటు, గుండెజబ్బు గలవారును, ఇంట మూత్రపిండరోగులున్నవారును ఏడాది కొకమారైన నీ రెండు పరీక్షలును చేయించుకొనుట మంచిది.

వంటయింటి సంగతికి వత్తము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు అయిదు గ్రాములకు లోబడిన ఉప్పు చాలునన్నది. అనగా చిన్నచెంచాడు. కూరలోవేయు ఉప్పు మాత్రమే లెక్కకు వచ్చునని తలపరాదు. ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ, సంక్రాంతి సకినము, బజారు మిక్చరు, అన్నియు నా చెంచాలోనికే రావలెను. ఇందుప్పు మంచిదని కొందరందురు. అదియు సోడియము గల ఉప్పే. సోడియము తక్కువయని అమ్ము ఉప్పులో దాని స్థానమున పొటాషియము చేర్చియుందురు గాన మూత్రపిండములు చెడినవారికి అది మరింత హాని. మా యింట పప్పు దించి, అత్తగారి వంతు వేరుచేసి, తక్కినదానిలో ఉప్పు కలుపుచున్నాము. ఆమెకు నిమ్మరసము, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లితో రుచి చేయుచున్నాము. జొన్నరొట్టెకు ఉప్పుతో పనియే లేదు. మొదటి వారము "సప్పిడి కూడు నోటికి పోతలేదు" అని ఆమె కంచము ప్రక్కకు ద్రోసెను. నెలదాటిన పిమ్మట పెండ్లిభోజనమునకు వెళ్లి, కూరలలో ఉప్పు కసటని తానే చెప్పినది. పండ్లు, పప్పు, ఆకుకూరలు ఎవరెంత తినవలెనన్నది మాత్రము వారివారి పరీక్షలనుబట్టి డాక్టరు చెప్పవలెను. ఒకరి పథ్యము వేరొకరికి చెల్లదు.

మోకాళ్ల నొప్పులకని దుకాణమున అడిగి కొని మ్రింగు మాత్రలలో చాలభాగము మూత్రపిండములకు హాని చేయునవియే. అవి ఉప్పును నీటిని నిలిపి గుండెకును బరువు దెచ్చును. ఏమున్నదో తెలియని భస్మములును, లేహ్యములును అంతే. డాక్టర్లు వ్రాయు రక్తపోటు మందులలో కొన్ని పోటును దించుటయేగాక, మూత్రమున ఆల్బుమిన్ పోవుటను దగ్గించి మూత్రపిండములను గాపాడును. మధుమేహమునకని పుట్టిన గ్లిఫ్లోజిన్ మందులు మధుమేహము లేని మూత్రపిండరోగులకును మేలుచేయునని 2020లోను, 2022లోను వెలువడిన పెద్ద పరిశోధనలు తెలిపినవి. గుండె బలహీనులకును అవి యుపకరించుచున్నవి. ఒక్క మందు రెండవయవములకు మేలుచేయుటయే వాని పొత్తునకు సాక్ష్యము. ఒంట్లో బాగున్నదని వీనిని తమంత తాము మానరాదు. వాంతులు విరేచనములు పట్టినప్పుడు కొన్ని మందులు కొన్నాళ్లు ఆపవలసి యుండును గాన అప్పుడు డాక్టరు నడుగవలెను.

ఇక మనవారికి ప్రత్యేకముగా జెప్పవలసిన మాట. నాడు డాక్టరమ్మ అత్తగారి సంగతి ముగించి, మావైపు తిరిగి, "మీకు కానుపులలో రక్తపోటు వచ్చినదా?" యని యడిగినది. రెండవ కానుపున మాకు పోటు హెచ్చి, పాదములు వాచి, ఎనిమిదవ నెల దాటినంతనే బిడ్డను తీయవలసివచ్చెను. ఆ సంగతి మేము కానుపుతోనే తీరినదనుకొనియుంటిమి. తీరునని చెప్పినవారే అందరును. గర్భవతులకు అట్లు పోటువచ్చినయెడల తరువాతి కాలమున వారికి గుండెజబ్బును మూత్రపిండవ్యాధియు వచ్చుటకు అవకాశ మధికమని ఆమె చెప్పి, మాకును ఆ రెండు పరీక్షలు చేయించినది. మూత్రపిండములు బాగుగనే యున్నవి. పోటు మాత్రము అంచున నున్నది. ముప్పదియేండ్ల వయసున అది తెలియుట మాకెంత మేలో చెప్పనలవిగాదు.

మన దేశమున బ్రదికియుండగా మూత్రపిండమిచ్చువారిలో పెద్దపాలు స్త్రీలు. పుచ్చుకొనువారిలో పెద్దపాలు పురుషులు. తల్లి యిచ్చును, భార్య యిచ్చును, అక్క యిచ్చును. ఇచ్చుటలో నున్న గొప్పతనమును మేము తక్కువచేయము. ఇవ్వగల దేహమును తామే పరీక్షింపించుకొనక, ఆయాసమును వయసుమీదికి, వాపును నడకమీదికి, నీరసమును పనిమీదికి త్రోసి దినములు గడుపుట మాత్రము మాకు సమ్మతము గాదు.

అత్తగారి కడియములు ఇప్పుడు వదులుగానున్నవి. వడపోత రెండేండ్లలో నలుబదికి అటునిటుగా నిలిచియున్నది; పెరుగునని మేమాశింపము, తరుగకుండుటయే లాభము. రాత్రి ఒక్క తలగడతో నిద్రపోవుచున్నది. పాలపద్దు, బియ్యపుపద్దు వ్రాయు పుస్తకమున ఆమెకొక పుట విడిచి, ప్రతి ఆదివారము బరువును రక్తపోటును, మూడుమాసముల కొకమారు పరీక్షల అంకెలను వ్రాయుచున్నాము. దాని ప్రక్కపుట మా పేరిట గలదు. సోదరీమణులు తమ యింటి పద్దుపుస్తకమున పెద్దలకొక పుటయు, తమకొక పుటయు నుంచుకొందురు గాక.